దడకు జడిసి నడక మానొద్దు

ఆందోళన, వ్యాయామం మీద వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. ఎనిమిది నెలల క్రితం మెట్లెక్కుతుంటే గుండె విపరీతంగా కొట్టుకుంది. కళ్ళు తిరిగినట్లయి, ప్రాణం పోతుందేమో అనిపించింది. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ చేయించాను. గుండెకేమీ లేదు, ఇది పానిక్ (హఠాత్తుగా ముంచుకొచ్చే తీవ్ర భయం) అన్నారు. రోజూ నడవమన్నారు. కానీ కాస్త వేగం పెంచితే చాలు, దడ. దడ రాగానే భయం. వెంటనే కూర్చుండిపోతాను. ఆందోళన తగ్గాలంటే వ్యాయామం చేయాలట, వ్యాయామం చేస్తే ఆందోళన వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ చిక్కుముడి మీరే సరిగ్గా పట్టుకున్నారు. దడ, చెమట, ఆయాసం, ఒళ్ళు వేడెక్కడం వ్యాయామంలోనూ వస్తాయి, పానిక్‌లోనూ వస్తాయి. వచ్చినవాటికి మనసు ఏం పేరు పెడుతుందన్నదే అసలు సంగతి. ఒంట్లో చిన్న మార్పు రాగానే ‘ఏదో ముంచుకొస్తోంది’ అనుకునే గుణాన్ని సైకాలజీలో యాంగ్జైటీ సెన్సిటివిటీ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, భయం లక్షణాలకే భయపడడం. దాన్ని కొలవడానికి 1986లోనే 16 వాక్యాల ప్రశ్నావళి తయారైంది. మామూలు ఆందోళన వేరు, ఇది వేరు. మీకున్నది ఎక్కువగా ఈ రెండోది.

మెట్ల మీద జరిగేదాన్ని నెమ్మదిగా చూడండి. పది మెట్లు ఎక్కేసరికి గుండె వేగం పెరుగుతుంది, అది దాని పని. ‘అమ్మో, మళ్ళీ వచ్చింది’ అనే ఆలోచన తగులుతుంది. ఆ భయానికి అడ్రినలిన్ విడుదలై దడ ఇంకాస్త పెరుగుతుంది. మీరు కూర్చుంటారు. రెండు నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది. నిలబడే ఉన్నా సర్దుకునేదే, కానీ మెదడు మాత్రం ‘కూర్చున్నాను కాబట్టి బతికాను’ అని రాసుకుంటుంది. మర్నాటి నుంచి మెట్లు మానేస్తారు. నెలల తరబడి కదలకపోవడంతో ఒంటికి అలవాటు తప్పి, అవే మెట్లకు గుండె ఇదివరకటి కంటే ఎక్కువ కొట్టుకుంటుంది. భయానికి మరో సాక్ష్యం దొరుకుతుంది.

దీన్ని విప్పాలంటే, దడ రాకుండా జాగ్రత్తపడడం మానేసి, దడను కావాలని కొద్దికొద్దిగా పుట్టించి దానితో కాసేపు ఉండడం నేర్చుకోవాలి. 2004లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో ఈ గుణం ఎక్కువగా ఉన్నవారి చేత ట్రెడ్‌మిల్ మీద 20 నిమిషాల చొప్పున ఆరుసార్లు వ్యాయామం చేయించారు. నెమ్మదిగా నడిచినవారిలోనూ, గుండె వేగం బాగా పెరిగేలా చేసినవారిలోనూ యాంగ్జైటీ సెన్సిటివిటీ తగ్గింది. అయితే ఒంట్లోని మార్పులంటే ఉన్న భయం తగ్గింది మాత్రం గట్టిగా చేసినవారిలోనే. అంటే మీరు తప్పించుకుంటున్న ఆ దడే ఇక్కడ మందు. మోతాదు మాత్రం మెల్లగా పెంచాలి.

మొదటి రెండు వారాలు: వారానికి 5 రోజులు, రోజుకు 10 నిమిషాలు, మాట్లాడుతూ నడవగలిగే వేగం. ఇక్కడ పందెం ఏమీ లేదు, రోజూ చెప్పులేసుకుని బయటపడడమే పని. మూడు, నాలుగు వారాలు: 20 నిమిషాలు, అందులో చివరి 5 నిమిషాలు చురుగ్గా. ఐదు, ఆరు వారాలు: 5 నిమిషాలు మామూలు నడక, తర్వాత 1 నిమిషం బాగా వేగంగా, 2 నిమిషాలు నెమ్మదిగా, ఇలా 5 సార్లు, చివర మళ్ళీ 5 నిమిషాలు నెమ్మదిగా. ఏడో వారం నుంచి ఆ వేగపు నిమిషాల్లో చిన్న పరుగు గానీ మెట్లు గానీ పెట్టండి. పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం. అక్కడికి చేరడానికి మీకు మూడు నెలలు పట్టినా ఫర్వాలేదు.

వేగం ఎంతుండాలి? మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అది మధ్యస్థం. నాలుగు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగాల్సి వస్తే అది గట్టి వ్యాయామం. అంకెల్లోనే కావాలంటే, వయసును 0.7తో గుణించి 208 లోంచి తీసేయండి. మీకు దాదాపు 183 వస్తుంది. అందులో 64 నుంచి 76 శాతం, అంటే సుమారు 117 నుంచి 139, మధ్యస్థం. ఈ సూత్రం సగటు మనిషిది. ఒక్కొక్కరికి పది, పదిహేను అటూఇటూ ఉంటుంది. అందుకే మేం అంకె కన్నా మాటనే నమ్మమంటాం.

ఇక మెట్ల సంగతి. ఇది నడకకు అదనం, మూడో వారం నుంచి వారానికి మూడుసార్లు. ఎక్కే ముందు ఒక కాగితం మీద ఏమవుతుందని భయమో రాయండి: ‘పడిపోతాను, 80 శాతం ఖాయం’. రెండంతస్తులు ఆగకుండా ఎక్కండి. పైన నిలబడండి. కూర్చోవద్దు, గోడకు ఆనుకోవద్దు, నాడి పట్టుకోవద్దు. ఒంట్లో ఏముందో మాటల్లో పెట్టండి: గొంతు దగ్గర దడ, చెవుల్లో హోరు, పిక్కల్లో వేడి, నోరు ఎండడం. ఒక్కోదానికి 10కి ఎన్ని మార్కులో వేయండి. దాన్ని తగ్గించాలని చూడొద్దు. రెండు మూడు నిమిషాలు అలాగే ఉండి, దిగి, కాగితం మీద రెండో గీత రాయండి: నిజంగా ఏమైంది? పడిపోయారా? దడ తగ్గిందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అనుకున్నది జరిగిందా అన్నదే ప్రశ్న. ఆ తేడాయే మెదడుకు పాఠం.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. ఒకటి, భయం శిఖరాన ఉన్నప్పుడు ఆగిపోవడం. తట్టుకోలేకపోతే వేగం తగ్గించండి, కానీ కదులుతూనే ఉండండి. రెండు, చేతి గడియారంలో గుండె వేగాన్ని నిమిషానికోసారి చూసుకోవడం, జేబులో మాత్ర ఉందో లేదో తడుముకోవడం, తోడు లేనిదే అడుగు వేయకపోవడం. ఇవన్నీ ‘వీటి వల్లే బతికాను’ అనే లెక్కలోకి పోతాయి. ఆగాక నిమిషంలో గుండె ఎంత తగ్గాలో చెప్పే అంకె ఒకటుంది. కావాలనే ఇవ్వడం లేదు, మీరు రేపటి నుంచి దాన్నే కొలుస్తూ కూర్చుంటారు.

మూడోది చాలామందిని బెదరగొడుతుంది. వేగంగా నడిచి హఠాత్తుగా నిలబడిపోతే కళ్ళు తిరుగుతాయి. నడుస్తున్నంతసేపూ పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెడుతుంటాయి. ఆగగానే ఆ నెట్టడం ఆగుతుంది, రక్తం కాళ్ళలో నిలుస్తుంది, బీపీ కాస్త పడుతుంది. అది జబ్బు కాదు, చివరి 5 నిమిషాలు నెమ్మదిగా నడవకపోవడం. అలాగే ఆయాసం రాగానే గబగబా గాలి మింగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్ళ చివర, పెదాల చుట్టూ తిమ్మిరి పుడుతుంది. అది పక్షవాతం కాదు. గాలి ఎక్కువ పీల్చారంతే. పరగడుపున కాఫీ తాగి బయల్దేరడం కూడా మొదటి వారాల్లో వద్దు. రెండు దడలు కలిస్తే ఏది దేనిదో తెలియదు.

మీ పరీక్షలన్నీ బాగున్నాయి కాబట్టి ఇదంతా చెప్పాం. పరీక్షలు చేయించుకోనివారు ముందు ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి. శ్రమ చేసినప్పుడు ఛాతీ బిగిసి, ఆగితే తగ్గడం, నొప్పి చేతికో దవడకో పాకడం, వ్యాయామం మధ్యలో స్పృహ తప్పడం, గుండె లయ తప్పి కొట్టుకోవడం, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవారు ఉండడం, వీటిలో ఏ ఒక్కటున్నా మెట్ల సాధన ఆపి ముందు గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అంతా బాగుందని తేలాక నెలకోసారి ఈసీజీ తీయించుకోవడం మాత్రం జాగ్రత్త కాదు, అదీ తప్పించుకోవడమే.

ప్రశ్న: మా కౌన్సెలర్‌గారు ‘సైకలాజికల్ ఫ్లెక్సిబిలిటీ పెరగాలి, వ్యాయామం దానికి పనికొస్తుంది’ అన్నారు. అంటే ఏది వచ్చినా సర్దుకుపొమ్మనా? వ్యాయామానికీ దానికీ ఏం సంబంధం?

జవాబు: సర్దుకుపోవడం కాదు. తెలుగులో దానికి చక్కటి మాట ఉంది: పట్టువిడుపు. ఎక్కడ పట్టు పట్టాలో, ఎక్కడ వదలాలో తెలియడం. మనసులో భయం, దిగులు, ‘నా వల్ల కాదు’ అనే ఆలోచన ఉండగానే, వాటితో యుద్ధానికి దిగకుండా, మనకు ముఖ్యమైన పనిని చేయగలగడం. పట్టు పని మీద, విడుపు భయంతో పోట్లాట మీద. ఆందోళన ఉన్న మనిషిలో సాధారణంగా ఇది తలకిందులవుతుంది. భయాన్ని తొలగించాలన్న పట్టు బిగుస్తుంది, ముఖ్యమైన పనులు ఒక్కొక్కటే జారిపోతాయి.

ఈ భావన అమెరికా సైకాలజిస్టు స్టీవెన్ హేస్, ఆయన సహచరులు 1980ల నుంచి పెంచుకొచ్చిన యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీకి కేంద్రం. అందులో ఆరు అంగాలు చెబుతారు: వచ్చిన అనుభూతికి చోటివ్వడం, ఆలోచనను ఆలోచనగా చూడడం, ఇప్పుడున్న క్షణంలో ఉండడం, ఆలోచనలకూ తనకూ తేడా ఎరగడం, తనకేది విలువైనదో తెలుసుకోవడం, ఆ దిశగా అడుగు వేయడం. ఆరింటినీ బట్టీ పట్టనక్కర్లేదు. నడకలో పన్నెండో నిమిషాన్ని చూస్తే చాలు.

మొదటి పది నిమిషాల ఉత్సాహం అయిపోయింది. పిక్కలు కాస్త బిగుసుకున్నాయి. ‘ఇక చాలు, ఇవాళ ఒంట్లో బాగాలేదు, వెనక్కి పోదాం’ అని లోపల ఎవరో అంటారు. చాలామంది ఇక్కడ రెండే దారులు చూస్తారు: ఆ మాట వినడం, లేదా దాన్ని పళ్ళు బిగించి తొక్కేయడం. మూడోదారి ఉంది. ‘ఇక చాలు అనే ఆలోచన వచ్చింది’ అని మనసులో అనుకోండి. ‘ఇక చాలు’కూ, ‘ఇక చాలు అనే ఆలోచన వచ్చింది’కీ మధ్య మూడు మాటల ఎడం ఉంది. ఆ ఎడంలోనే ఎంపిక చేసుకునే వీలు దొరుకుతుంది. పిక్కల బిగువు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గమనించండి. తర్వాత వంద అడుగులు వేయండి. అప్పుడు తేల్చుకోండి, వెనక్కా ముందుకా అని. రెండూ ఒప్పే. ఆలోచన తరిమితే వెనక్కి తిరిగారా, చూసుకుని మీరే తిరిగారా అన్నదే ముఖ్యం. నిజంగా జ్వరమొస్తే తిరిగి రావడమే పట్టువిడుపు.

అరగంట నడకలో ఇలాంటి ఘట్టం మూడు నాలుగుసార్లు వస్తుంది. ప్రమాదం లేనిచోట, చిన్న మోతాదులో, రోజూ. మీటింగులో మాట్లాడాల్సి వచ్చినప్పుడో, పరీక్ష రాసేటప్పుడో దీన్ని మొదటిసారి ప్రయత్నిస్తే కుదరదు. నడకలో వందసార్లు చేసినవారికి అక్కడ కాస్త తెలిసిన దారిలా ఉంటుంది. మీ కౌన్సెలర్‌గారి మాటకు అర్థం ఇదే అయి ఉంటుంది.

పరిశోధనల మీద ఒక హెచ్చరిక. వ్యాయామం చేసేవారిలో పట్టువిడుపు ఎక్కువ, ఆందోళన తక్కువ అని చూపే అధ్యయనాల్లో చాలావరకు ఒకేసారి అందరినీ ప్రశ్నలడిగి లెక్కలు కట్టినవి. వాటిని బట్టి ఏది ముందో, ఏది వెనకో తేల్చలేం. మనసుకు పట్టువిడుపు ఉన్నవారే వానొచ్చినా, విసుగొచ్చినా వ్యాయామం సాగిస్తారనీ చెప్పొచ్చు. మా అంచనాలో రెండూ నిజమే, ఒకదాన్నొకటి మోస్తాయి. ఇయర్‌ఫోన్లలో ఏదో మోగిస్తూ, ఒంటి సంగతే పట్టకుండా చేసే వ్యాయామానికి శరీర లాభం పూర్తిగా ఉంటుంది గానీ, ఈ సాధన దానంతటదే జరిగిపోతుందని అనుకోవద్దు. వారంలో రెండు నడకలైనా చెవుల్లో ఏమీ లేకుండా చేయండి.

ఈ పట్టువిడుపును కొలిచే ఏఏక్యూ-2 అనే ఏడు వాక్యాల ప్రశ్నావళిని మీ కౌన్సెలర్ ఇస్తే కంగారు పడకండి. ఒక్కో వాక్యానికి 1 నుంచి 7 వేస్తారు, మొత్తం 7 నుంచి 49. అందులో మార్కులు పెరిగితే బిగువు పెరిగినట్లు, పట్టువిడుపు కాదు. తిరగేసి చదువుకుని సంబరపడేవారూ, దిగులుపడేవారూ ఉన్నారు.

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు. రోజూ తెల్లవారుజామున గంటసేపు పరుగెత్తితేనే ఆ రోజు ప్రశాంతంగా ఉంటాను. ఒక్కరోజు తప్పితే చేతులు వణికినంత ఆందోళన. నెల నుంచి మోకాలు నొప్పి, అయినా మానలేదు. ఇంట్లోవాళ్ళు అతి అంటున్నారు. వ్యాయామం ఆందోళనకు మంచిదే కదా?

జవాబు: మంచిదే. మీ ఇంట్లోవాళ్ళు చెప్పిందీ నిజమే.

మీ పరుగు ఇప్పుడు మాత్రలా పనిచేస్తోంది. ఆందోళన రాకుండా పొద్దున్నే ఒక డోసు. మొదటి జవాబులోని పెద్దమనిషి దడ నుంచి తప్పించుకోవడానికి కూర్చుంటున్నారు, మీరు ఆందోళన నుంచి తప్పించుకోవడానికి పరుగెత్తుతున్నారు. పైకి ఎదురెదురుగా కనిపిస్తున్నా లోపలి లెక్క ఒకటే: ‘ఈ అనుభూతి నా దగ్గరికి రాకూడదు’. మీ దగ్గర పట్టు బోలెడుంది, విడుపు లేదు. నొప్పి ఉన్న మోకాలితో పరుగెత్తడమే దానికి రుజువు.

రోజూ బాగా వ్యాయామం చేసేవారు హఠాత్తుగా ఆపితే కొద్దిరోజుల్లోనే చిరాకు, దిగులు, నిద్ర చెడడం మామూలే. కాబట్టి తప్పిన రోజున కలిగే ఇబ్బంది అంతా మీ ‘అసలు ఆందోళన’ బయటపడడం కాదు, అలవాటు తెగిన అసౌకర్యం కూడా అందులో ఉంది.

ముందు మోకాలు చూపించుకోండి. నొప్పి ఒకేచోట వేలు పెట్టి చూపగలిగేలా ఉన్నా, రాత్రిపూట విశ్రాంతిలోనూ ఉన్నా పరుగు ఆపాల్సిందే. ఎముకలో సన్నటి చీలిక ఉండొచ్చు. డాక్టరు సరేనన్నాక నాలుగు మార్పులు, వారానికొకటి చొప్పున. మొదటి వారం పరుగు వేళ మార్చండి, పొద్దుటి బదులు సాయంత్రం రెండు రోజులు. రెండో వారం గంటను 35 నిమిషాలకు దించండి, ఏ రోజులో ముందే చీటీ వేసి తీసుకోండి. మూడో వారం రెండు పరుగుల బదులు ఈతో సైకిలో. నాలుగో వారం ఒక పూర్తి సెలవు రోజు. ఆ రోజు ఆందోళన పెరుగుతుంది, అది తప్పు జరిగిందనడానికి గుర్తు కాదు. పరుగుకు బదులు ఇల్లంతా కడిగేయడం, వెయ్యి అడుగులు లెక్కపెట్టడం లాంటి దొడ్డిదారులు వద్దు. ఆ గంటలో ఒంట్లో ఏముందో గమనించి, తర్వాత ఆ రోజు అనుకున్న పని చేయండి.

తిండి తగ్గించడం, బరువు మీద ధ్యాస, నెలసరి తప్పడం కూడా ఉంటే ఈ ప్రణాళికతో సరిపెట్టుకోకండి. వెంటనే డాక్టరును కలవండి.

ప్రశ్న: ఆందోళనకు నడక మంచిదా, బరువులెత్తడమా, యోగానా?

జవాబు: మీరు మానకుండా చేసేది. ఇది తప్పించుకునే జవాబు కాదు. రకాల మధ్య తేడా కన్నా, చేయడానికీ మానడానికీ మధ్య తేడా చాలా పెద్దది.

బరువుల మీద 2017లో 16 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షలో ఆందోళన స్వల్పం నుంచి మధ్యస్థంగా తగ్గినట్లు తేలింది. వారానికి రెండు రోజులు, ఆరేడు కదలికలు, ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు విడతలు. చివరి రెండుసార్లు కష్టంగా ఉండాలి. ఊపిరి బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారి పెరిగి, వదలగానే తల తేలిపోతుంది. ఆందోళన ఉన్నవారు దాన్ని పానిక్ అనుకుని జిమ్ మానేస్తారు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి.

యోగా మీద 2020లో వెలువడిన ఒక పెద్ద ప్రయోగంలో, జనరలైజ్డ్ యాంగ్జైటీ (ప్రతి చిన్నదానికీ వదలకుండా పట్టుకునే ఆందోళన) ఉన్న 226 మందిని మూడు గుంపులు చేశారు. 12 వారాలయ్యాక కుండలినీ యోగా చేసినవారిలో 54 శాతానికి, సీబీటీ అనే మాటల చికిత్స తీసుకున్నవారిలో 71 శాతానికి, ఒత్తిడి గురించి పాఠాలు మాత్రమే విన్నవారిలో 33 శాతానికి గుణం కనిపించింది. యోగా పనిచేస్తుంది, చికిత్సకు బదులు మాత్రం కాదు.

ప్రశ్న: పరుగెత్తితే ఎండార్ఫిన్లు విడుదలై ఆందోళన పోతుందంటారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. ఒంట్లోనే పుట్టి నొప్పిని తగ్గించే రసాయనాలైన ఎండార్ఫిన్లు రక్తంలో పెరుగుతాయి, కానీ రక్తంలోంచి మెదడులోకి దాటడం వాటికి కష్టం. 2021లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఎండార్ఫిన్ల పనిని అడ్డుకునే నాల్ట్రెక్సోన్ మందు ఇచ్చి పరుగెత్తించినా, హాయీ వచ్చింది, ఆందోళనా తగ్గింది. ఇప్పుడు ఎక్కువ చూపు మెదడులోకి తేలిగ్గా దాటే ఎండోకన్నబినాయిడ్ల మీద ఉంది. ఇవి ఒళ్ళే తయారుచేసుకునే, గంజాయిలోని పదార్థాలను పోలిన రసాయనాలు. ఏ రసాయనమైనా, ఆ హాయి కొన్ని గంటల సరుకు. దాని కోసమే పరుగెత్తితే, రాని రోజున ‘ఇది పనిచేయడం లేదు’ అని మానేస్తారు. చాలా రోజులు అది రాదు కూడా.

ప్రశ్న: ఆందోళనకు రెండు మందులు వాడుతున్నాను, ఒకటి ప్రొప్రనలాల్. వ్యాయామం మొదలుపెట్టొచ్చా? మొదలుపెట్టాక మందులు మానేయొచ్చా?

జవాబు: మొదటిదానికి అవును, డాక్టరుకు చెప్పి. రెండోదానికి మీ అంతట మీరు వద్దు.

ప్రొప్రనలాల్ గుండె వేగాన్ని పెరగనివ్వదు. కాబట్టి పైన చెప్పిన 208 లెక్క మీకు పనికిరాదు. గడియారంలో 110 చూపిస్తోందని ఇంకా ఇంకా వేగం పెంచితే ఒళ్ళు కుదేలవుతుంది. మాట పరీక్షనే నమ్ముకోండి. ఈ మందును హఠాత్తుగా ఆపితే గుండె వేగం, బీపీ ఎగదన్నవచ్చు.

మీ రెండోది ఎస్సితలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మందైతే, అది నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు. మొదటి రెండు వారాల్లో కొందరికి గాభరా కాస్త పెరుగుతుంది, చెమట ఎక్కువ పడుతుంది. ఆ రోజుల్లోనే వ్యాయామమూ మొదలుపెట్టి, తేడా అంతా వ్యాయామం మీదికి తోసి మానేయకండి. అల్ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటివైతే తూలు రావచ్చు. పైగా నడక ముందు అది వేసుకుంటే, ‘దడను తట్టుకున్నాను’ అన్న పాఠం మాత్ర ఖాతాలో పడుతుంది. వేళలు మార్చడం గురించి డాక్టరును అడగండి, డోసు మీరే తగ్గించొద్దు.

మందుకూ వ్యాయామానికీ పోటీ పెట్టిన ప్రయోగం ఒకటుంది. 1998లో జర్మనీలో పానిక్ ఉన్న 46 మందికి పది వారాల పాటు కొందరికి పరుగు, కొందరికి క్లోమిప్రమిన్ అనే మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. పరుగు ఉత్తుత్తి మాత్ర కంటే స్పష్టంగా మెరుగు. మందు మాత్రం పరుగు కంటే త్వరగా, ఎక్కువగా పనిచేసింది.

ప్రశ్న: ప్రతిసారీ ఆవేశంగా మొదలుపెడతాను, పది రోజులకు ఆగిపోతుంది. నాలో లోపమా?

జవాబు: పై జర్మనీ ప్రయోగంలో, వైద్యుల పర్యవేక్షణలో ఉండి కూడా, పరుగు గుంపులో దాదాపు మూడోవంతు మంది మధ్యలో మానేశారు. కాబట్టి లోపం పేరు పెట్టకండి. ప్రణాళిక చూద్దాం.

ఆవేశంగా అన్నారు, చిక్కు అక్కడే ఉంది. మొదటి రోజే ఊపిరి అందనంత వేగం పెడితే, చేస్తున్నంతసేపూ ఇబ్బందిగా ఉంటుంది. చేసేటప్పటి ఇబ్బందినే మనసు గుర్తుపెట్టుకుంటుంది, తర్వాతి హాయిని కాదు. పదో రోజుకు చెప్పులు చూడగానే విసుగు పుడుతుంది. మొదటి మూడు వారాలు ‘ఇంకాస్త చేయొచ్చు’ అనిపించేచోట ఆపేయండి.

రెండోది, ‘రోజూ నడుస్తాను’ అనేది కోరిక. ‘పొద్దున్న పళ్ళు తోముకోగానే చెప్పులేసుకుని గేటు దాటతాను’ అనేది ప్రణాళిక. దానికి జోడీగా, అడ్డం వచ్చినప్పుడు ఏం చేస్తారో కూడా ముందే రాయండి: ‘వాన పడితే ఇంట్లో మెట్లు 10 నిమిషాలు’, ‘ఆందోళనగా ఉండి కాలు కదలకపోతే, ఆ ఆందోళనతోనే 5 నిమిషాలు’. ఈ చివరి వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే ‘మనసు బాగున్నప్పుడు చేస్తాను’ అనుకునేవారు సరిగ్గా అవసరమైన రోజునే మానేస్తారు.

మూడోది, 21 రోజుల్లో అలవాటవుతుందన్న మాట నమ్మొద్దు. 2010లో అచ్చయిన ఒక లండన్ అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, ఒకరికి 254 రోజుల దాకా అంచనా వేశారు. అందులోనే తేలిన మరో సంగతి మీకు పనికొస్తుంది: ఒక్కరోజు తప్పితే అలవాటు చెడలేదు. మీ పది రోజులు ముగిసేది పదకొండో రోజు తప్పినందుకు కాదు, ‘తప్పింది, ఇక అయిపోయింది’ అని తీర్పు ఇచ్చినందుకు.

లెక్క రాసుకునే అలవాటుంటే, ఆందోళన ఎంత తగ్గిందో రోజూ రాయకండి. రోజూ తూకం వేస్తే అది తగ్గదు. ‘ఆందోళన ఉన్నా ఇవాళ చేసిన పని’ అని ఒక్క వాక్యం రాయండి. ఆందోళన కొలత రెండు వారాలకోసారి చాలు. జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పట్టీ అడిగేదీ గడిచిన రెండు వారాల సంగతే. 21కి 10 లేదా ఆపైన వస్తుంటే నడక మానక్కర్లేదు, దానితో పాటు డాక్టరునో సైకాలజిస్టునో కలవాలి.

ప్రశ్న: పానిక్ వచ్చినప్పుడు వెంటనే పరుగెత్తితే అది కరిగిపోతుందని ఒకరు చెప్పారు. చేయొచ్చా?

జవాబు: ప్రమాదం లేదు, కానీ ఉపాయంగా వాడొద్దు. పానిక్ సాధారణంగా నిమిషాల్లోనే శిఖరానికి చేరి దానంతటదే దిగుతుంది. మీరు పరుగెత్తితే ఆ దిగడం పరుగు ఖాతాలో పడుతుంది. బస్సులోనో, వరుసలో నిలబడినప్పుడో వస్తే ఎక్కడికి పరుగెత్తుతారు? అప్పుడు చేస్తున్న పనే నెమ్మదిగా సాగించండి. నడుస్తుంటే నడవండి, మాట్లాడుతుంటే మాట్లాడండి, గొంతు వణికినా సరే. పరుగు రేపు పొద్దున, దాని వేళకు.